ఈ ఏడు వింటర్ ప్యాకేజీ ఎందుకు తీసేసిన అంటే

నాచారంల మన బండ్ల మెకానిక్ షెడ్డుకి వచ్చే అందరికీ నమస్తే. పోయిన ఏడు ఇదే టైంల మీ అందరికీ వింటర్ ప్యాకేజీ అని మెసేజ్ పెట్టిన, పన్నెండు చెకింగులు, ఒకటే రేటు, చానా మంది చేయించుకున్నరు. ఈ ఏడు అది లేదు, తీసేసిన. ఎందుకు తీసేసిన్నో వేరేవాళ్ళ నోటి నుంచి మీరు వినే ముందు నేనే చెప్పాలె అని రాస్తున్న.

మన పాత కస్టమర్ ఒకాయన, డీజిల్ బండి, జనవరిల ఫ్యామిలీతోని మనాలి దిక్కు పోతున్నం అని బండి ఇచ్చిన్రు. ప్యాకేజీ చేసినం, కాగితం మీద పన్నెండు డబ్బాలల్ల టిక్కులు కొట్టినం, ఇంజిన్‌ను చల్లగ ఉంచే కూలెంట్ దగ్గర కూడా టిక్కే, ఎందుకంటే అది పోసే డబ్బా, రిజర్వాయర్, నిండుగ ఉన్నది, ఆకుపచ్చగనే ఉన్నది, ఇంకేం చూడాలె అనుకున్నం. వాళ్ళు అటల్ టన్నెల్ దాటి సిస్సు దగ్గర రాత్రి ఆగిన్రు, ఆ రాత్రి మైనస్ 15కు పడ్డదంట. పొద్దుగాల ఏడు గంటలకు నాకు ఫోన్. సెల్ఫ్ కొడితే స్టార్ట్ అయితే అయింది గానీ కాసేపటికే బెల్టు కీచుమని అరుస్తున్నది, హీటర్ పెడితే చల్లగాలి తప్ప వేడి వస్తలేదు అన్నరు. బానెట్ లేపి రిజర్వాయర్ మూత తీసి ఫోటో పెట్టిన్రు, లోపల బర్ఫ్ గోలా లెక్క పలుకులు పలుకులు. వెంటనే ఇంజిన్ ఆపేయండి సార్ అన్న. మధ్యాహ్నం ఎండకు కరిగినంక రేడియేటర్ కింద నుంచి ధార కట్టింది. ఇద్దరు చిన్న పిల్లలతోని ఆ చలిల సగం దినం రోడ్డు పక్కన ఉన్నరు వాళ్ళు. ఆ ఫోటో ఇంకా నా ఫోన్‌ల ఉన్నది, తీసేయబుద్ధి కాలేదు.

తప్పు మాదే, అందుకే ఆ ప్యాకేజీ తీసేసిన. బిల్లు బుక్కులు తిరగేస్తే దొరికింది, మే నెలల అదే బండి హోస్ పైపు పగిలి వస్తే పైపు మార్చి, కారిపోయిన కూలెంట్ జాగల బోరు నీళ్ళు పోసి పంపినం. ఎండకాలం, మన ఊరు, ఏమైతదిలే అని. అసలు లెక్క ఏందంటే కూలెంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం ఉంటే సుమారు మైనస్ 37 దాకా గడ్డకట్టదు, అదే నాలుగో వంతు కూలెంట్, మిగతా అంతా నీళ్ళు అయితే మైనస్ 12 దగ్గరనే గడ్డ కట్టుడు మొదలైతది. నీళ్ళు గడ్డకడితే తొమ్మిది శాతం ఉబ్బుతయి, ఆ ఉబ్బుడుకు రేడియేటర్ ఏం ఆగుతది. రంగు మాత్రం నాలుగో వంతు ఉన్నా ఆకుపచ్చగనే కనపడతది, మేము మోసపోయింది అక్కడనే. రేడియేటర్, లేబర్, టోయింగ్ పైసలు మొత్తం నేనే ఇచ్చిన, అది చెప్పుకునేందుకు రాస్తలేను, పైసలిస్తే ఆ దినం తిరిగి రాదు కదా.

మేము హైదరాబాద్ దాటం, మాకెందుకు అంటరా, మన ఊర్ల కూలెంట్ గడ్డకట్టదు నిజమే, పటాన్‌చెరు దిక్కు డిసెంబర్‌ల పొద్దుగాల పది డిగ్రీల లోపు పడ్డా కూడా. కానీ బోరు నీళ్ళ ఉప్పు రేడియేటర్ ట్యూబులల్ల పట్టేస్తది, లోపల తుప్పు పడతది, తర్వాత ఏప్రిల్‌ల ఉప్పల్ ట్రాఫిక్‌ల ఇంజిన్ హీట్ ఎక్కుతది. కాబట్టి ఇగ మన షెడ్డుల రేడియేటర్‌ల నల్లా నీళ్ళు, బోరు నీళ్ళు పోసుడు బంద్. పిల్లగాండ్లకు కూడా గట్టిగ చెప్పిన.

రిఫ్రాక్టోమీటర్ కొన్న. చిన్న టార్చిలైటు అంత ఉంటది, ఇంజిన్ చల్లగ ఉన్నప్పుడు డ్రాపర్‌తోని ఒక చుక్క తీసి అద్దం మీద వేసి, మూత వేసి వెలుతురు దిక్కు పెట్టి చూస్తే లోపల నీలం తెలుపు కలిసే గీత ఒకటి కనపడతది, అది ఏ నంబర్ మీద ఉంటే ఆ మైనస్ దాకా మీ బండి సేఫ్. మీరే కన్ను పెట్టి చూడండి, నేను చెప్తే నమ్ముడు కాదు. దీనికి పైసలు తీసుకోను.

ఊర్లనే తిరిగే బండికి చలికాలం ముఖ్యంగ చూసేది బ్యాటరీ. నిజానికి బ్యాటరీని ఖరాబ్ చేసేది మన ఎండకాలం, చలి వచ్చినంక అది బయట పడతది అంతే. రాత్రంతా నిలబడ్డ బండికి పొద్దున మీటర్ పెడితే 12.6 వోల్టులు ఉంటే ఫుల్, 12.2కు వచ్చిందంటే సగమే ఉన్నట్టు, సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడుతుంటే సంక్రాంతికి ఊరికి పోయే ముందే మార్చుకోండి, చౌటుప్పల్ దాటినంక ధక్కా ఇచ్చేటోళ్ళు దొరకరు. టర్మినల్ మీద పొడి పట్టి ఉంటే మాత్రం కొత్త బ్యాటరీ కొనకండి, ముందు వేడి నీళ్ళతో కడిగి బిగించి చూద్దాం, సగం బండ్లకు అదే సరిపోతది.

టైర్ల గాలి పది డిగ్రీల చలికి ఒకటిన్నర పీఎస్‌ఐ దాకా తగ్గుతది, పొద్దుగాల బండి నడపకముందే చూపించుకోండి. వైపర్ రబ్బర్లు ఎండకు బిగుసుకపోయి ఉంటయి. ముందద్దం లోపల ఆవిరి పడితే గుడ్డతోని తుడవకండి, ఏసీ వేయండి, తేమ అదే గుంజుకుంటది. ఓఆర్ఆర్ మీద పొగమంచుల హై బీమ్ కొడితే వెలుతురు మంచుకు తగిలి మీ కండ్లల్లకే వస్తది, డిమ్‌లనే పొండి, నడుస్తున్న బండికి నాలుగు ఇండికేటర్లు వేయకండి. ఇంకొకటి, పొద్దున పది నిమిషాలు ఇంజిన్ ఆన్ పెట్టి ఉంచే అలవాటు మానండి, ఇప్పటి బండ్లకు అర నిమిషం చాలు, తర్వాత మెల్లగ నడుపుకుంట పొండి. మూసిన సెల్లార్‌ల అయితే అస్సలు వద్దు, ఆ పొగ ప్రాణం తీస్తది.

లద్దాఖ్, కాశ్మీర్, హిమాచల్ పోయేటోళ్ళు మాత్రం కనీసం వారం ముందు బండి తెచ్చి ఎక్కడికి పోతున్నరో నాకు చెప్పండి. ఫ్లష్ కొట్టి, అంటే పాతది మొత్తం తీసి కడిగి, కొత్త కూలెంట్ పోయడానికి సగం దినం పడతది. డీజిల్ బండి అయితే ఇక్కడ నింపిన డీజిల్ అంత చలికి చిక్కబడి ఫిల్టర్‌ల ఇరుక్కుంటది, లద్దాఖ్ కోసం మైనస్ 33 దాకా పనికొచ్చే వింటర్ డీజిల్‌ను 2019ల ఇండియన్ ఆయిల్ తెచ్చింది, పైకి పోయినంక అది అడిగి పోయించుకోండి. రాత్రి హ్యాండ్‌బ్రేక్ గుంజి పెట్టకండి, కేబుల్ గడ్డకడితే పొద్దున వదలదు, గేర్‌ల వేసి టైర్ కింద రాయి పెట్టండి.

పోయిన ఎండకాలం బిల్లులు మొత్తం చూసిన, మేము నీళ్ళు కలిపి పంపిన బండ్లు ఇంకా నలభై ఒకటి తేలినయి. రేపటి నుంచి ఒక్కొక్కరికి నేనే ఫోన్ చేస్త, కూలెంట్ ఖర్చు మాదే. పని మధ్యల ఉన్నా జర ఫోన్ ఎత్తండి.