పక్క మంచం దగ్గర కూర్చున్న ఆవిడకు

రెండు రాత్రులు నిద్ర లేదు, రాతలో తప్పులుంటే సర్దుకోండి. ఇప్పుడు రాయకపోతే రేపటికి సగం మరిచిపోతాను.

సాలీడు కరిచిన తమ్ముడు క్షేమం. ఇంటికొచ్చేశాడు. పిక్కలు ఇంకా పట్టేసినట్టున్నాయి, రాత్రిళ్ళు చెమట పడుతోంది. కొన్నాళ్ళు అలాగే ఉండొచ్చన్నారు. అమ్మా నాన్నా, మరదలు, బాబాయి అందరూ ఉన్నారు, ఎప్పటిలాగే. వాళ్ళకు వేరే చెప్పేదేముంది. ఈ నాలుగు ముక్కలూ ఎమర్జెన్సీలో పక్క మంచం దగ్గర కూర్చున్న ఆవిడ కోసం. పేరు కూడా అడగలేదు మేము.

బయట వదిలిన బూటులో వాడు కాలు పెట్టాడు. గుండుసూది గుచ్చినట్టు చురుక్కుమందట, అంతే. అరగంటకు నొప్పి పాదం నుంచి పిక్కకు, తొడకు, గజ్జకు ఎక్కింది. రెండు గంటలయ్యేసరికి పొట్ట చెక్కలా బిగుసుకుపోయింది. అక్కడికి చేరేటప్పటికి వాడి నోట ఒకటే మాట, ‘కడుపు, కడుపు’. దాంతో అపెండిక్స్ అనుమానించి స్కానింగుకు రాశారు. చురుక్కుమన్న సంగతి అందరం మరిచిపోయాం.

ఆవిడ భర్తకు తెల్లారితే ఆపరేషన్. ఆ కంగారులో ఉండి కూడా మావాణ్ణి చూస్తూనే ఉన్నారు. లేచి వచ్చి ఒక్క ప్రశ్న అడిగారు: ‘‘నాయనా, ముందు నొప్పి పుట్టింది పొట్టలోనా, కాల్లోనా?’’ అంతవరకు ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. మేజోడు తీయించారు. బొటనవేలి పక్కన చిన్న ఎర్రటి చుక్క, చుట్టూ పాలిపోయిన వలయం, దాని చుట్టూ ఎరుపు. పాదమంతా పొడిగా ఉంటే ఆ జాగాలో మాత్రం చెమట బొట్లు, వెంట్రుకలు నిక్కపొడుచుకుని ఉన్నాయి. అది చూడగానే ఆవిడ ముఖం మారింది.

పొట్ట మీద చెయ్యి వేసి నెమ్మదిగా నొక్కి వదిలారు. గట్టిగా ఉంది కానీ, నొక్కినందువల్ల నొప్పి పెరగలేదు. అపెండిక్స్ అయితే నొక్కి వదిలినప్పుడు కేక పెడతాడని, కదిలితే నొప్పి కాబట్టి కదలకుండా పడుకుంటాడని, వీడేమో ఒక్కచోట నిలవలేక పొర్లుతున్నాడని తర్వాత చెప్పారు. ఎమర్జెన్సీ వార్డులో ముప్పై ఒక్క ఏళ్ళు నర్సుగా చేసి రిటైరయ్యారట. అది కూడా తెల్లవారుజామున, మేము గుచ్చి గుచ్చి అడిగితేనే చెప్పారు. డ్యూటీ డాక్టరు దగ్గరికెళ్ళి ‘‘పాదం ఒకసారి చూస్తారా డాక్టరుగారూ’’ అన్నారు, అంతే. సాలీడు అన్న మాట ఆవిడ నోట రాలేదు, ఆయన చేతే అనిపించారు. ఆ మర్యాద మాకెవరికీ రాదు.

ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు మాలో ఎవరో మోకాలి కింద గుడ్డతో బిగించి కట్టారు. ఆవిడ మొదట చేసిన పని దాన్ని విప్పడం. ఈ రకం విషం నెమ్మదిగా పాకేది. కట్టు కడితే విషం ఆగకపోగా నొప్పి ఎక్కువవుతుంది, కాలికి రక్తం అందదు. కాలంతా వెడల్పాటి గుడ్డతో చుట్టి కదలకుండా ఉంచే పద్ధతి, సాలీళ్ళలో, ఆస్ట్రేలియాలోని ఫన్నెల్ వెబ్ లాంటివాటి కాటుకే. అది వేరే కథ, నిమిషాల్లో ముంచుతుంది. దానికి 1981లో విరుగుడు మందు వచ్చాక ఆ కాటుతో మరణం నమోదు కాలేదు. కోయడం, నోటితో పీల్చడం మాత్రం ఏ సాలీడు కాటుకీ పనికిరావు, పుండు చేసుకోవడం తప్ప.

తర్వాత సబ్బు నీళ్ళతో కడిగారు. సంచిలో ఐసు ముక్కలు, కాసిన్ని నీళ్ళు పోసి, తన చేతిరుమాలు చుట్టి పెట్టారు. ఐసు నేరుగా తగిలితే చర్మం మాడుతుంది. పది నిమిషాలు పెట్టడం, పది నిమిషాలు తీయడం. కాటు చేతికైతే వాపు రాకముందే ఉంగరాలు, గాజులు తీసేయాలట. పెన్నుతో ఎరుపు అంచు చుట్టూ గీత గీసి టైము వేశారు. తన భర్త రిపోర్టు కాగితం వెనక వరసగా రాశారు: టైము, నొప్పి పదికి ఎంత, నాడి, బీపీ. తెల్లారేదాకా. మధ్యమధ్య వెళ్ళి భర్త దుప్పటి సర్ది మళ్ళీ వచ్చేవారు. మూడింటికి నేను కళ్ళు తెరిచి చూస్తే, మావాడి పిక్క పట్టుకుని నెమ్మదిగా నిమురుతున్నారు. తెల్లారితే తన మనిషి ఆపరేషన్‌కి వెళ్ళాలి! అక్కడ ఏడుపు ఆగలేదు నాకు.

మాకు అర్థమైనంతవరకు చెప్తాను. ఇది ‘విడో’ జాతి సాలీడు, నల్లగా మెరుస్తూ గుండ్రటి పొట్టతో ఉండేది. దాని విషం నరాల చివర్లలో దాచి ఉన్న రసాయనాలన్నిటినీ ఒక్కసారిగా బయటికి తోడేస్తుంది. అందుకే కండరాలు బిగుసుకోవడం, చెమట, బీపీ పెరగడం. కాటు కాలికైతే పొట్ట, చేతికైతే ఛాతీ పట్టేస్తాయి. ఛాతీ పట్టేస్తే గుండెపోటని పొరబడే వీలుంది. చంపేది అరుదు. పసిపిల్లలు, గర్భిణులు, ముసలివాళ్ళు, గుండెజబ్బు ఉన్నవాళ్ళ విషయంలోనే భయపడాలి. నొప్పి మాత్రం ఒకటి నుంచి మూడు రోజులు పీడిస్తుంది.

పారాసెటమాల్‌కు లొంగలేదు. మార్ఫిన్ రకం ఇంజక్షన్, కండరాల బిగువు సడలడానికి చిన్న మోతాదులో డయాజిపామ్ రకం మందు ఇచ్చారు. రెండూ కలిస్తే ఊపిరి మందగిస్తుంది కనుక వేలికి ఆక్సిజన్ క్లిప్పు తీయనివ్వలేదు. నొప్పి దిగేకొద్దీ బీపీ కూడా అదే దిగింది. కాల్షియం ఎక్కిస్తే తగ్గుతుందని మా బంధువొకరు ఫోనులో ఒకటే పోరు. ఒకప్పుడు ఇచ్చేవాళ్ళమని, ఆ ఉపశమనం నిలిచేది కాదని ఆవిడే సర్దిచెప్పారు. విడో కాటుకు విరుగుడు ఉంది కానీ, అది గుర్రం రక్తం నుంచి తీసేది కాబట్టి అలర్జీ భయం ఉంటుంది. పైగా 2014లో ఆస్ట్రేలియాలో 224 మందిపై చేసిన పరీక్షలో, మామూలు నొప్పి మందులకు దాన్ని జోడిస్తే నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదట. నొప్పి మందులకు లొంగుతోంది కదా అని డాక్టరు వద్దన్నారు. ఆయనకూ కృతజ్ఞతలు. ఇంకొకరైతే తన మాట కాదన్నారని ఆవిడ మీద విసుక్కునేవారు.

ఇక ఆసుపత్రి పద్ధతి గురించి అనకుండా ఉండలేను. టోకెన్ రాసే చోట కాట్లకు కుక్క, పాము, తేలు గడులున్నాయి. మిగతావన్నీ ‘ఇతరములు’. ‘ఇతరములు’ పడితే లైను చివరికి. జబ్బు పేరు రాసేదాకా నొప్పి మందు ఇవ్వరట, పేరు రాసే మనిషేమో స్కానింగు గది ముందు. గంటా నలభై నిమిషాలు వాడు పళ్ళు కొరుక్కుంటూ ఉన్నాడు. వెళ్ళేటప్పుడు చీటీలో అయిదు రోజుల యాంటీబయాటిక్! చీము లేదు, జ్వరం లేదు, గీత దాటిన ఎరుపు లేదు. అడిగితే ‘అందరికీ రాస్తాం’ అన్నారు. టెటనస్ టీకా సంగతి మాత్రం మేము గుర్తుచేస్తే వేశారు.

ఇంకో చోద్యం. మా వెనక వచ్చినాయనకు తొడ మీద చీముగడ్డ. సాలీడును ఎవరూ చూడలేదు, అయినా చీటీలో ‘సాలీడు కాటు’ అని రాసి పంపారు. అలాంటి గడ్డలు చాలావరకు బాక్టీరియావే, వాటికి చీము తీయాలి. ఒకవైపే వరసగా పొక్కులు లేస్తే అది సర్పి అయ్యే అవకాశం ఎక్కువ. చర్మాన్ని కుళ్ళబెట్టే సాలీడు లేకపోలేదు, ‘బ్రౌన్ రెక్లూజ్’ అంటారు. కాటు తెలియదు, కొన్ని గంటలకు నొప్పి, ఆపైన మధ్యలో నీలం, చుట్టూ తెలుపు, బయట ఎరుపు, రోజుల్లో నల్లటి పెచ్చు. తొందరపడి కోసేస్తే ఇంకా పెద్దదవుతుంది. మూత్రం ముదురు రంగులోకి తిరిగితే, ముఖ్యంగా పిల్లల్లో, ఆగకుండా ఆసుపత్రికి పరిగెత్తాలి. కానీ అది కూడా జనం అనుకున్నంతగా కరవదు: అమెరికాలోని కాన్సాస్‌లో ఒక ఇంట్లో ఆరు నెలల్లో 2,055 రెక్లూజులు దొరికితే, ఇంట్లోవాళ్ళలో ఒక్కరికీ కాటు పడలేదు.

అయ్యో, పక్కింటాయన్ని మరిచాను! మేము బయల్దేరాక బూటు దులిపి, కింద పడ్డదాని మీద గాజు సీసా బోర్లించి, అడుగున అట్టముక్క దూర్చి మూత పెట్టి ఫొటో పంపారు. డాక్టరు నమ్మింది ఆ ఫొటో చూశాకే. చితికిపోయినా ఫరవాలేదట, పారేయకూడదు. చేత్తో మాత్రం పట్టొద్దు.

వీల్‌చెయిర్ తోసిన అబ్బాయి, స్కానింగు గదిలో వరస వదిలిచ్చిన పెద్దాయన, మీకూ కృతజ్ఞతలు.

అమ్మా, ఆ చేతిరుమాలు మా దగ్గరే ఉండిపోయింది. నీలం అంచు, మూలన చిన్న పువ్వు కుట్టి ఉంది. ఉతికి పెట్టాం. మీవారి ఆపరేషన్ ఎలా జరిగిందో తెలియలేదు. మేము వచ్చేసేటప్పుడు ఆ మంచం ఖాళీగా ఉంది, లోపలికి తీసుకెళ్ళారని మాత్రం చెప్పారు. ఆవిణ్ణి ఎరిగినవాళ్ళు ఎవరైనా ఇది చదివితే ఒక్క మాట తెలియజేయండి.