మోసగాడికి తెలుగు వచ్చింది, హెచ్చరికకు రాలేదు

సంపాదకులకు నమస్కారం.

మాది ఒడిశాలోని గంజాం జిల్లా బరంపురం. పోస్టాఫీసులో ముప్పై ఒక్క సంవత్సరాలు చేసి రిటైరయ్యాను. స్టాంపుల పిచ్చి ఉద్యోగంలో అంటుకుంది, నాణేల పిచ్చి మా నాయనమ్మ ట్రంకుపెట్టెలోంచి వచ్చింది. ఆరేళ్ల కిందట మాలాంటి పిచ్చివాళ్లం పదకొండు మందిమి వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నాం. ఇప్పుడు బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, అటు ఇచ్ఛాపురం, పాతపట్నం కలుపుకుని మూడు వందలు దాటాం. అడ్మిన్‌ని నేనే. నేను అడ్మిన్‌గా ఉన్న గ్రూపులోనే ఒక పెద్దాయన డబ్బు పోయింది కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆయన పర్లాకిమిడిలో ఉండే రిటైర్డ్ మాస్టారు. 2012లో వైష్ణోదేవి అమ్మవారి బొమ్మతో వచ్చిన పది రూపాయల బిళ్ల ఒకటి ఆయన మనవడికి చిల్లరలో దొరికింది. దాని ఫొటో గ్రూపులో పెట్టి మురిసిపోయారు. ఆ రాత్రే ఆయనకు విడిగా ఒక మెసేజ్ వచ్చింది. ప్రొఫైల్‌లో టై కట్టుకున్న మనిషి, వెనక గోడ మీద రిజర్వ్ బ్యాంక్ ముద్రలోని పులి, తాటిచెట్టు. "ప్రియమైన సర్, మీ యొక్క నాణెం ఎంపిక చేయబడింది. మీరు 1,70,000 అందుకోబడతారు." ముందు రిజిస్ట్రేషన్‌కని 1,150 కట్టించుకున్నాడు. తర్వాత జీఎస్టీ అని 4,200. ఆ తర్వాత రిజర్వ్ బ్యాంకు నుంచి అనుమతి పత్రం అని 6,500. చివరికి డబ్బు పెట్టెతో బయల్దేరిన మనిషి దారిలో ఆగిపోయాడని 5,900. లక్షా డెబ్బై వేలు చేతిలో పట్టుకుని వస్తున్నవాడి దగ్గర దారిఖర్చులు లేవట! ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, మొత్తం 17,750 రూపాయలు. పెన్షన్ మీద బతికే మనిషికి అది చిన్న దెబ్బ కాదు.

పాత నోట్లు, నాణేలు కొంటామంటూ తమ పేరు చెప్పి రుసుములు, కమీషన్లు, పన్నులు వసూలు చేస్తున్నారని, అలాంటి వ్యవహారాల్లో తాము లేమని, ఎవరికీ ఆ అధికారం ఇవ్వలేదని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటన చేసింది. మాస్టారికి ఆ సంగతి తెలియదు. నాకు తెలుసు. గ్రూపులో ఒక్కసారైనా నాలుగు ముక్కల తెలుగులో రాసి పెట్టాలని మాత్రం తోచలేదు.

ఆ మెసేజ్ చూపించినప్పుడు నేను ఆయన్ని అడిగాను: "మాస్టారూ, మీరు పిల్లలకు తెలుగు వ్యాకరణం చెప్పినవారు. 'అందుకోబడతారు' అన్న చోటైనా అనుమానం రాలేదా?" ఆయన చెప్పిన జవాబు ఇప్పటికీ మర్చిపోలేకపోతున్నాను. "ఆఫీసు తెలుగు అలాగే ఉంటుంది కదా బాబూ, అందుకే నిజమే అనుకున్నాను" అన్నారు.

అందులో ఆయన తప్పేముంది? మా ఊళ్లో తెలుగువాడు బేరమాడితే "ఏటండీ, ఆ బిళ్ల ఇచ్చీస్తారా?" అంటాడు. అలా అడిగితే మేం పది ప్రశ్నలు వేస్తాం. యంత్రం అనువదించిన కర్ర తెలుగులో అడిగితే మాత్రం ఏదో పై ఆఫీసు నుంచి వచ్చిందని చేతులు కట్టుకుంటాం. పైగా ఇక్కడ మా పిల్లలు చదివింది ఒడియా బడుల్లో. తెలుగు గడగడా మాట్లాడతారు, చదవలేరు. తండ్రికి వచ్చిన మెసేజ్‌ని కొడుకు చదివి "ఇది దొంగ తెలుగు నాన్నా" అని చెప్పే వీలు లేదు. ఒడియాలో వచ్చే పోలీసు హెచ్చరికను తండ్రి చదవలేడు. ఆ మోసగాడు ఎక్కడివాడో గానీ మా ఇళ్లలోని ఈ సందు వాడికి బాగా పనికొచ్చింది.

గ్రూపులో వెనక్కి వెళ్లి చూశాను. వాడు చేరి ఇరవై మూడు రోజులైంది. ఒక్క మాట మాట్లాడలేదు. చేరడానికి దారి నేనే ఇచ్చాను. గ్రూపు పెరగాలన్న ఆశతో చేరే లింకును ఫేస్‌బుక్‌లో పెట్టాను. లోపలికి వచ్చిన మరుక్షణం మూడు వందల మంది ఫోన్ నంబర్లు వాడికి దొరికాయి. ఇక గ్రూపులో మాట్లాడాల్సిన పని వాడికేముంది? ఎవరు ఏ నాణెం ఫొటో పెడుతున్నారో చూసుకుంటూ, ఒక్కొక్కరినీ విడిగా పలకరించుకుంటూ పోతే చాలు. ఇప్పుడు లింకు తీసేశాను. కొత్తవాళ్లు అడ్మిన్ ఒప్పుకుంటేనే లోపలికి వచ్చేలా సెట్టింగ్ మార్చాను. ఆ సదుపాయం ఎప్పటినుంచో ఉంది, నేనే పట్టించుకోలేదు.

ఆ తర్వాత ఇంకొకడు వచ్చాడు. గోపాల్‌పూర్ సైనిక కేంద్రంలో పనిచేస్తున్నానని, బదిలీ అయిందని, తాతగారి స్టాంపుల ఆల్బమ్ సగం ధరకు ఇచ్చేస్తానని అన్నాడు. యూనిఫాంలో ఫొటో, గుర్తింపు కార్డు ఫొటో కూడా పంపాడు. సైనికుడంటే మనకు గౌరవం, అడగడానికి మొహమాటపడతాం. వాళ్లకు కావలసింది ఆ మొహమాటమే. మా గ్రూపులో ఒక కుర్రాడు మాత్రం "గోపాల్‌పూర్ ఎంత దూరం అన్నా, పదహారు కిలోమీటర్లు, ఆదివారం బండి మీద వచ్చి తీసుకుంటా" అన్నాడు. లోపలికి రానివ్వరు, కొరియరే, సగం డబ్బు ముందు అన్నాడు అవతలివాడు. సరే గేటు బయటే కలుద్దాం అంటే జవాబు లేదు. ఆల్బమ్ ఫొటోను గూగుల్ లెన్స్‌లో పెట్టి చూస్తే ఏదో విదేశీ వేలం సైటులో తేలింది. అసలు లెన్స్ కూడా అక్కర్లేదు, ఫొటో మూలన గోడ మీద ప్లగ్గు ఉంది చూడండి, చదును పుల్లల అమెరికా ప్లగ్గు. గోపాల్‌పూర్ క్వార్టర్స్‌లో అదెక్కడిది?

ఇలాంటి వాళ్లను పట్టడానికి మాకు పనికొచ్చినదల్లా మా పిచ్చే. ఈస్టిండియా కంపెనీది, 1818 నాటిది, హనుమంతుడి బొమ్మ నాణెం, లక్షల విలువ అంటూ ఎవరైనా వస్తే మాలో పాతవాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. అవి కంపెనీ నాణేలు కావు, తర్వాత ఎవరో పోతపోసి అమ్ముకున్న బిళ్లలు. ఒకప్పుడు మా ప్రాంతాన్ని ఏలిన గాంగ రాజుల కాలపు ఫణం, అంటే చిన్న బంగారు నాణెం, అమ్ముతానని ఇంకొకడు వచ్చాడు. "వెనకవైపు అంకుశం పక్కన ఏ అంకె ఉంది? అంక సంవత్సరం ఎలా లెక్కపెడతారు?" అని అడిగాం. పడుకున్న నంది, వెనక 'స' అక్షరం, కింద రాజుగారి పాలనలో ఎన్నో ఏడాదో చెప్పే అంకె. అర గ్రాము తూగని ఆ ముక్క చేతిలో ఉన్నవాడు గంటసేపు మాట్లాడతాడు, వద్దన్నా ఆపడు. వీడు "సర్ ముందు టోకెన్ పంపండి" అన్నాడు. నిజంగా పిచ్చి ఉన్నవాడికి డబ్బు సంగతి చివర గుర్తొస్తుంది. మా ఆవిడ మిద్దెతోట గ్రూపులోనూ ఇదే తంతు. నీలం గులాబీ విత్తనాలు అమ్ముతానని వచ్చిన అమ్మాయిని "గింజతో గులాబీ ఎవరు పెంచుతారమ్మా, కొమ్మ నాటుతారు, లేకపోతే అంటు కడతారు" అని అడిగారట. మళ్లీ కనిపించలేదు. ఆ అమ్మాయి ఫొటోనే వేరే పేరుతో మా నాణేల గ్రూపులో షేర్ మార్కెట్ టిప్స్ ఇస్తూ కనిపించింది!

ఇక్కడ నా తప్పు ఇంకొకటి ఒప్పుకోవాలి. మాస్టారి సంగతి జరిగాక భయంతో ప్రొఫైల్ ఫొటో లేనివాళ్లను, అసలు పేరు పెట్టుకోనివాళ్లను తీసిపారేశాను. అలా పోయినవాళ్లలో గుణుపురం కుర్రాడు ఒకడు. ఫొటో బదులు ఎవరో క్రికెటర్ బొమ్మ, పేరు బదులు రెండు ఇంగ్లీషు అక్షరాలు. నెల తర్వాత ఎవరి ద్వారానో నా నంబరు పట్టుకుని ఫోన్ చేశాడు. వాళ్ల అమ్మమ్మ పెట్టెలో దొరికిన రాగి బిళ్ల మీద తెలుగు అక్షరాలు ఉన్నాయి, ఏమిటో చెప్పండి తాతగారూ అని. మద్రాసులో కంపెనీ వేయించిన 'డబ్బు' అది. మనం డబ్బు డబ్బు అంటామే, ఆ మాట అంటిపెట్టుకున్న నాణెం. 1936 దాకా మా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోదే కాబట్టి ఇటువైపు ఇళ్లలో అలాంటివి అప్పుడప్పుడు బయటపడతాయి. ఆ కుర్రాడు తెలుగు చదవలేడు, అందుకే అడిగాడు. అలాంటివాణ్ని నేను దొంగ అనుకున్నాను. టై కట్టుకున్నవాణ్ని ఇరవై మూడు రోజులు కూర్చోబెట్టుకున్నాను.

అసలు ఫిర్యాదు ఇప్పుడు చెబుతాను. సిగ్గుపడి మాస్టారు రెండు రోజులు ఇంట్లో కూడా చెప్పలేదు. సైబర్ మోసాలకు దేశమంతటికీ 1930 అనే నంబరు ఉందని, డబ్బు పోయిన మొదటి గంటల్లోనే చేస్తే అవతలి ఖాతాలో సొమ్మును ఆపించే అవకాశం ఉంటుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చివరికి ఠాణాకు వెళ్తే, "మీ బ్యాంకు ఖాతా ఆంధ్రాలో ఉంది కదా, అక్కడ ఇవ్వండి" అన్నారు. సరిహద్దు దాటి అక్కడికి వెళ్తే "మీ ఇల్లు ఒడిశాలో కదా" అన్నారు. ఇక్కడ ఇల్లు, అక్కడ ఖాతా, ఇంకోచోట కొడుకు ఉద్యోగం, మా సరిహద్దు బతుకులన్నీ ఇలాగే ఉంటాయి. పాత సీఆర్పీసీ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 173వ సెక్షన్ ఉంది. నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు తీసుకోవాలని అది చెబుతోంది. అరవై తొమ్మిదేళ్ల మనిషిని రెండు రాష్ట్రాల మధ్య బస్సుల్లో తిప్పడం ఏ సెక్షన్‌లో ఉందో నాకు తెలియదు.

బరంపురంలో బస్టాండు దగ్గర, బ్యాంకుల్లో సైబర్ మోసాల గురించి నేను చూసిన పోస్టర్లన్నీ ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉన్నాయి. మంచివే, తప్పు పట్టడం లేదు. మా ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్ర వచ్చిందంటే ఊరంతా తెలుగు వినిపించే చోట ఒక వరుస తెలుగులో కూడా ఉంటే బాగుంటుంది. "డబ్బు రావడానికి పిన్ను కొట్టనక్కర్లేదు. పిన్ను కొట్టమన్నాడంటే నీ డబ్బు పోతోంది. పోతే వెంటనే 1930." ఇంతే, ఇలాగే, మనుషులు మాట్లాడుకునే తెలుగులో. 'చేయబడును' వద్దు.

పోస్టరుకు కావలసిన తెలుగు మాటలు మా గ్రూపే రాసి ఇస్తుంది. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల అధికారులు ఎవరైనా ఈ ఉత్తరం చూసి ముందుకొస్తే మొదటి రెండు వందల కాపీల అచ్చు ఖర్చు మేమే పెట్టుకుంటాం. పర్లాకిమిడిలో అంటించే పని మాస్టారు తీసుకుంటానన్నారు.

ఇట్లు,
ఒక నాణేల సేకరణదారు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా