బొంతకి డిజైన్ కొనుక్కోవాలా?

సంపాదకుల వారికి నమస్కారం.

మొన్న ఆదివారం ఆడవాళ్ల పేజీలో అతుకుల బొంతల మీద మీరు వేసిన వ్యాసం చదివాను, ఫొటోలు చాలా బాగున్నాయి. కానీ చివర్లో, డిజైన్ కావాలంటే ఆన్‌లైన్‌లో ప్యాటర్న్ కొనుక్కోండి, ముక్కలు కోసేసిన కిట్లు కూడా దొరుకుతాయి అని ముగించారు చూడండి, అక్కడ నాకు ఒళ్లు మండింది. నేను విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర 22 ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. మా పుట్టిల్లు పొందూరు పక్కన పల్లె. మా అమ్మ జన్మలో కాగితం మీద గీసిన డిజైన్ చూడలేదు, అయినా ఆవిడ కుట్టిన బొంతల్లో ఏ రెండూ ఒకలా ఉండేవి కావు.

పొందూరు ఖద్దరు గురించి ఎవరు రాసినా వాలుగ చేప దవడతో పత్తి ఏకుతారని తప్పకుండా రాస్తారు. రాయాలి కూడా, అంత పనితనం అది. ఆ ఖద్దరు పంచె చిరిగిపోయాక ఏమవుతుందో మాత్రం ఎవరూ అడగరు. బొంతలోకి వెళ్తుంది. మా అమ్మ దాన్ని లోపలి పొరల్లో దాచేసేది కాదు, రంగు చీరల మధ్య తెల్లగా కనబడేలా పైకే తెచ్చేది. ఎందుకమ్మా మాసిపోతుంది కదా అంటే, "అంతా రంగులే అయితే కన్నెక్కడ కూకుంటాదే గుంటా, దానికీ ఓ అరుగుండాల" అనేది. ఇంగ్లీషు వీడియోల్లో నెగెటివ్ స్పేస్ అని గంటసేపు చెప్పేది ఈ అరుగు సంగతే.

సొంత డిజైన్ అనగానే బొమ్మలు వేయడం రావాలేమో అని భయపడిపోతారు గానీ, చుక్కల ముగ్గు వచ్చినవాళ్లకి సగం పని వచ్చేసినట్టే. పిల్లల లెక్కల గ్రాఫు పుస్తకం ఒకటి చాలు. బొంత మొత్తం గీయక్కర్లేదు, 12 అంగుళాల చదరం ఒక్కటి గీసి దాన్ని అడ్డం మూడు నిలువు మూడుగా తొమ్మిది గళ్లు చేయండి. దీన్ని నైన్ ప్యాచ్ అంటారు, ఇది ఎవరి సొత్తూ కాదు, ఏడు చుక్కల ముగ్గు ఎవరి సొత్తు కానట్టే. ఇప్పుడు నాలుగు మూలల గళ్లనీ ఐమూలగా గీసి, బయటి సగం తెలుపు, లోపలి సగం రంగు అనుకోండి. ఇలాంటి చదరాలు నాలుగు పక్కపక్కన పెట్టి చూడండి, అవి కలిసే చోట తెల్ల త్రికోణాలు నాలుగూ చేరి మీరు గీయని డైమండ్ ఒకటి పుడుతుంది. మొదటిసారి అది చూసినప్పుడు కొట్టు కట్టేసే వేళ దాటిపోయినా నేను అలా కూర్చుండిపోయాను. అక్కణ్ణుంచి ఒక్కో గడి రంగు మార్చుకుంటూ పోతే నోటుబుక్కు అయిపోతుంది గానీ డిజైన్లు అయిపోవు.

మరి మెలికల ముగ్గు? దాన్ని ముక్కలుగా కోయడం మన వల్ల కాదు, ఆ వంపులకి గుడ్డ లొంగదు. కానీ పొరలన్నీ కలిపి పైన కుట్టే కుట్టుకి దాన్ని మించింది లేదు, చెయ్యెత్తకుండా వేసే ముగ్గయితే దారం తెంపకుండా చుట్టూ తిరిగి రావచ్చు. చాక్‌తో గీసుకుని కుట్టేయడమే.

లెక్కలో మాత్రం జాగ్రత్త. పుస్తకంలో గడి 4 అంగుళాలు ఉందని గుడ్డ 4 అంగుళాలే కోశారో, అయిపోయారు. ప్రతి పక్కా పావు అంగుళం కుట్టులోకి పోతుంది, కాబట్టి నాలుగున్నర కోయాలి. ఐమూల గళ్లకైతే నేను రెండు రంగుల్లో 5 అంగుళాల చదరాలు ఒకదాని మీద ఒకటి పెట్టి, మూల నుంచి మూలకి గీత గీసి, గీతకి అటూ ఇటూ పావు అంగుళంలో కుట్టి, గీత మీద కోసేస్తాను, రెండు రంగులూ జతైన గళ్లు రెండు వస్తాయి, వాటిని నాలుగున్నరకి సరిచేసుకోవడమే. ఇన్నేళ్ల టైలర్ని, ఇది నాకు తెలియదా అంటే తెలుసు, కానీ మొదటి బొంతకి గ్రాఫు చూసుకుంటూ మురిసిపోయి మర్చిపోయాను. 36 చదరాలు, 324 ముక్కలు, అన్నీ 4 అంగుళాలే కోశాను. 72 అంగుళాలు రావాల్సిన బొంత 63 వచ్చింది. మా ఆయన కప్పుకుంటే పాదాలు రెండూ బయట! ఏడవలేక, మిగిలిన తొమ్మిది అంగుళాలూ చుట్టూ నాలుగున్నర చొప్పున పాత పట్టుచీరల అంచులతో కట్టాను. ఇప్పుడు చూసినవాళ్లంతా ముందు ఆ అంచే పట్టుకుని అడుగుతారు, ఎక్కడ నేర్చుకున్నావమ్మా అని.

రంగుల విషయంలో అమ్మలా ఒంటి కంటితో చూసి చెప్పే విద్య నాకు లేదు. అందుకే ముక్కలన్నీ మేడ మీద పరిచి (గాలి లేని పొద్దున, లేకపోతే పక్కవాళ్ల పెరట్లో ఏరుకోవాలి), ఫోన్‌తో ఫొటో తీసి దాన్ని బ్లాక్ అండ్ వైట్‌లోకి మారుస్తాను. ఎరుపూ ఆకుపచ్చా కంటికి కొట్టొచ్చినట్టు వేరుగా కనిపించినా చాలాసార్లు ఆ ఫొటోలో రెండూ ఒకటే బూడిద రంగు, అంటే డిజైన్ దూరం నుంచి ముద్దగా కనిపిస్తుందన్నమాట. ఒకటి ముదురు, ఒకటి లేత ఉండాలి.

అసలు గీయకుండా కుట్టేవాళ్లూ ఉన్నారు, వాళ్లది డిజైన్ కాదంటే ఒప్పుకోను. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా సిద్ది తెగ ఆడవాళ్లు కవంది అనే అతుకుల బొంత కుడతారు, ఒక మూలన మొదలుపెట్టి అంచుల వెంబడి చుట్టూ తిరుగుతూ మధ్యకి చేరతారు, చివర్న నాలుగు మూలలా ఫులా అని, అంటే పువ్వులు, మడిచిన గుడ్డ ముక్కలు కుడతారు. అమెరికాలో అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే పల్లె ఉంది, బానిసలుగా బతికినవాళ్ల వారసులు అక్కడి నల్లజాతి ఆడవాళ్లు. పొలం పనికి కట్టిన బట్టలు చిరిగితే వాటితోనే బొంతలు కుట్టుకున్నారు. 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో వాటిని బొమ్మల్లా గోడకి వేలాడదీశారు, 2006లో అక్కడి ప్రభుత్వం వాటి మీద తపాలా బిళ్లలు వేసింది. మా అమ్మ బొంత మాత్రం మంచం కింద ట్రంకుపెట్టెలో ఉంది.

ఇక్కడ ఒకచోట ట్రైనింగ్ అంటే వెళ్లాను. ముప్ఫై మందికీ ఒకటే జిరాక్స్ ఇచ్చి ఒకటే బొంత ముప్ఫైసార్లు కుట్టించారు, నేను రెండు గళ్లు మార్చానని విప్పించేశారు కూడా. వాటిని అమ్మకానికి పెడితే అన్నీ ఒకేలా ఉన్నాయని జనం ఒకటి చూసి వెళ్లిపోయారు.

నా మనవి ఒక్కటే. సంక్రాంతికి ముగ్గుల పోటీలు పెడతారు కదా, ఈసారి శ్రీకాకుళం, విజయనగరం రెండు జిల్లాలకీ కలిపి బొంతల పోటీ కూడా పెట్టండి. పెద్ద ఖర్చు కాదు, పాత చీరలు అందరిళ్లలో ఉన్నాయి. కొన్న ప్యాటర్న్, కిట్టు పనికిరావని ముందే రాసేయండి. గీసి కుట్టినవాళ్లు ఆ నోటుబుక్కు తెస్తారు, గీయకుండా కుట్టేవాళ్లు ఎక్కడ మొదలుపెట్టారో చెబితే సరిపోతుంది. అప్పుడు నేను ఆ పొట్టి బొంత పట్టుకొస్తాను, టేపు మీరే తెచ్చుకోండి.

ఇట్లు,
ఒక టైలరమ్మ,
విజయనగరం.