పొట్లం మీద జాతి పేరు ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

ఇంట్లో రంగుచేపల పెంపకం గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. తొట్టి ఎంపిక, ఫిల్టరు, నీళ్ళు మార్చే పద్ధతి చక్కగా వివరించారు. పిల్లచేపల మేత దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆర్టీమియా అనే బుల్లి రొయ్యలాంటి ప్రాణి గుడ్లు పొదిగించి వేయమని ఒక్క ముక్కతో సరిపెట్టారు. చాలా ఏళ్ళుగా ఫైటర్లు, గప్పీలు, కిల్లీ చేపలు పెంచుతున్నదాన్ని. ఆర్టీమియా పక్కన అదే కోవకు చెందిన ఫెయిరీ ష్రింప్‌కి కూడా చోటుండాలని నా అభిప్రాయం. దాన్ని ఇంట్లో ఎలా పెంచవచ్చో చెప్పడంతో పాటు, దాని గుడ్లు అమ్ముతున్న తీరు మీద నాకున్న అభ్యంతరం కూడా అందరి దృష్టికి తేవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆర్టీమియాను తక్కువ చేయను. గుడ్లన్నీ దాదాపు ఒకేసారి పొదుగుతాయి, పిల్లలు లెక్కలేనన్ని వస్తాయి, హేచరీలకు దాన్ని మించింది లేదు. కానీ అది ఉప్పునీటి ప్రాణి. మంచినీటి తొట్టిలో వేస్తే కొన్ని గంటల్లో చచ్చి అడుగున పడుతుంది. పెద్ద తొట్టిలో అది లెక్కలోకి రాదు. పసి చేపపిల్లలున్న చిన్న తొట్టిలో మాత్రం మిగిలిన మేత కుళ్ళి అమోనియా పెరిగితే తెల్లారేసరికి పిల్లలు ఉండవు. ఫెయిరీ ష్రింప్ మంచినీటిదే. పొద్దున వేసినది సాయంత్రానికీ ఈదుతూనే ఉంటుంది, చేపపిల్లకు ఆకలైనప్పుడు అందుతుంది. పైగా దాన్ని పెంచి పెద్ద చేస్తే రెండు సెంటీమీటర్లకు పైబడి ఎదుగుతుంది. అంటే పసిపిల్లకూ, దాన్ని కన్న చేపకూ ఒకే పెంపకం నుంచి మేత దొరుకుతుంది. దీని ఒంట్లోని కెరోటినాయిడ్లనే రంగు పదార్థాల వల్ల చేపల ఎరుపు, నారింజ రంగులు కూడా బాగా తేలతాయి.

దీని బతుకంతా వానకు నిండి ఎండకు ఇంకిపోయే గుంటల్లోనే. పైన పెంకు లేదు, దాక్కునే తెలివి లేదు, వేగంగా తప్పించుకోలేదు. చేపలున్న నీళ్ళలో ఒక్కటీ మిగలదు. అందుకే చేపలు నిలవలేని చోట, నీళ్ళు ఎండిపోయేలోగా పుట్టి, పెరిగి, గుడ్లు పెట్టే పని ముగించుకుంటుంది. వేడి నీళ్ళలో బతికే రకాలైతే వారం నుంచి రెండు వారాల్లో ఈడుకు వస్తాయి. గుడ్లు మాత్రం ఎండిన మట్టిలో ఏళ్ళ తరబడి ప్రాణం నిలుపుకుంటాయి.

పొదిగించడంలో అన్నిటికంటే ముఖ్యం నీళ్ళు. కొత్త వాన నీటిలో లవణాలు దాదాపు ఉండవు. గుంట నిండింది, లేవవచ్చు అని గుడ్డుకు తెలిసే గుర్తుల్లో అదొకటి. కాబట్టి కుళాయి నీళ్ళు, బోరు నీళ్ళు వద్దు. డిస్టిల్డ్ వాటర్ గానీ, శుభ్రంగా పట్టిన వాన నీళ్ళు గానీ వెడల్పాటి గాజు గిన్నెలో రెండు వేళ్ళ లోతు పోసి, చిటికెడు గుడ్లు చల్లి, పైన దీపం వెలుగుతూ ఉండేలా పెట్టాలి. స్ట్రెప్టోసెఫాలస్ వంటి వేడి ప్రాంతాల జాతులకు 25 నుంచి 28 డిగ్రీల సెల్సియస్ చాలు. ఒకటి రెండు రోజుల్లో నీటిలో తెల్లటి నలుసులు కుదుపులతో కదులుతాయి. ధూళికీ వాటికీ తేడా తెలియకపోతే గిన్నెకు ఒక పక్కన టార్చి పెట్టి చూడండి. ప్రాణమున్నవన్నీ వెలుగు వైపు చేరతాయి. అక్కడే డ్రాపర్‌తో పట్టుకోవడం తేలిక, పొదగని గుడ్లూ ఖాళీ పెంకులూ వెనకే ఉండిపోతాయి.

పుట్టిన వెంటనే మేత అక్కర్లేదు, ఒంట్లోని సొన సరిపోతుంది. ఆ తర్వాతే అసలు పరీక్ష. చాలామంది ఇక్కడే ఆకలికి కాక, ఎక్కువ మేతకు పిల్లలను పోగొట్టుకుంటారు. స్పిరులినా అనే నాచు పొడిని నీళ్ళలో బాగా కలిపి, పలచటి గుడ్డలో వడకట్టి, ఆ పచ్చనీళ్ళను చుక్కల లెక్కన వేయాలి. గిన్నె నీళ్ళకు లేత ఆకుపచ్చ ఛాయ రావాలి, అంతే. అది మర్నాటికి తేటబడితేనే మళ్ళీ వేయాలి. ఈస్ట్ కూడా తింటాయి గానీ అది నీటిని త్వరగా చెడగొడుతుంది, నేను వాడను. ఎండలో నిలవబెట్టిన పచ్చని పాచినీళ్ళు దొరికితే అంతకంటే మంచి మేత లేదు. కాస్త ఎదిగాక పెద్ద తొట్టిలోకి మార్చి, లీటరుకు ముప్పైకి మించకుండా ఉంచుతాను. సన్నటి గాలి బుడగలు నెమ్మదిగా వస్తే మంచిది. ఎయిర్ స్టోన్ హోరుగా తిరిగితే లేత కాళ్ళు దెబ్బతింటాయి.

ఆ కాళ్ళ సంగతి చెప్పకుండా ఉండలేను. ఫెయిరీ ష్రింప్ వెల్లకిలా ఈదుతుంది. పొట్ట పైకి, వీపు కిందికి. పదకొండు జతల ఆకుల్లాంటి కాళ్ళు ఒకదాని వెనక ఒకటి అలలా కదులుతుంటాయి. ఆ కదలికతోనే ముందుకు సాగుతుంది, ఆ కదలికతోనే మేతను వడగట్టుకుంటుంది, ఆ కాళ్ళతోనే ఊపిరి కూడా పీలుస్తుంది. దీపాన్ని తొట్టి కిందికి మార్చి చూడండి, అన్నీ తిరగబడి పొట్టను కిందికి పెట్టి ఈదుతాయి. వెలుగు ఎటుంటే పొట్ట అటు. ఒళ్ళు అద్దంలా ఉంటుంది కాబట్టి తిన్నదీ లేనిదీ పైకే తెలుస్తుంది. తల నుంచి తోక దాకా ఆకుపచ్చ గీత నిండుగా ఉంటే మేత అందుతున్నట్టు. గీత తెగి తెగి కనిపిస్తే ఇంకో చుక్క వేయాలి. ఆ గీతను చూసి మేత వేయడం అలవాటైతే తొట్టి పాడవడం మానేస్తుంది. ఏ పుస్తకపు కొలతా నాకు అంత సాయం చేయలేదు.

ఆడవాటి ఒంటి కింద సంచిలో గుడ్లు కనబడతాయి. మగవాటికి తల ముందు పట్టకారుల్లాంటి పెద్ద స్పర్శకాలు ఉంటాయి. గుడ్లు అడుగున రాలాక, అడుగు మడ్డిని సన్నపు గొట్టంతో లాగి, గుడ్డ మీద వడకట్టి, నీడలో పూర్తిగా ఆరబెట్టాలి. తడి మిగిలితే బూజు పడుతుంది. కొన్ని వారాలు ఎండు మీద ఉంచి మళ్ళీ నీళ్ళు పోస్తే కొన్ని పొదుగుతాయి. మిగిలినవి చచ్చినవని పారేయకండి. మొదటి వాన మోసం చేస్తే, అంటే గుంట నిండి వెంటనే ఎండిపోతే, వంశం మొత్తం ఒక్కసారే పోకుండా కొన్ని గుడ్లు ఆగిపోతాయి. మళ్ళీ ఆరబెట్టి మళ్ళీ తడిపితే వాటిలో కొన్ని లేస్తాయి.

ఇప్పుడు నా అభ్యంతరం. ఈ గుడ్లు అమ్మే పొట్లాల మీద చాలావరకు ఫెయిరీ ష్రింప్ అని తప్ప మరేమీ ఉండదు. నేను తెప్పించుకున్న ఒక పొట్లంలోని కాగితం ఏ నీళ్ళయినా సరిపోతాయని చెప్పింది. అది నమ్మి కుళాయి నీళ్ళు పోసిన కొత్తవాళ్ళు గుడ్లు మంచివి కావనుకుని వదిలేస్తారు. అంతకంటే పెద్ద లోపం జాతి పేరు లేకపోవడం. ఫెయిరీ ష్రింప్ అనేది ఒక జాతి కాదు, కొన్ని వందల జాతుల గుంపు. స్ట్రెప్టోసెఫాలస్‌కు వెచ్చదనం కావాలి. యూబ్రాంకిపస్ అనే మరో రకం చలికాలపు, తొలి వసంతపు చల్లని నీళ్ళలో లేస్తుంది. ఏదో తెలియకుండా 28 డిగ్రీలు పెట్టాలా, పది డిగ్రీలు పెట్టాలా అని కొనుక్కున్నవాళ్ళు ఎలా నిర్ణయించుకోవాలి? గుంటల మట్టిని తవ్వి జల్లించి అమ్మే పొట్లాల్లో అవే గుంటల్లో బతికే ట్రయాప్స్ అనే మరో ప్రాణి గుడ్లు కూడా కలిసి వస్తాయి. అది త్వరగా ఎదిగి, తోటి ఫెయిరీ ష్రింప్‌లను పట్టుకు తింటుంది.

మట్టిని తవ్వి అమ్మడం మరో కారణానికి కూడా నాకు నచ్చదు. ఆ గుంట వచ్చే ఏడు నిండినప్పుడు లేవాల్సిన సంతానం అది. కొన్ని జాతులు ఇప్పటికే అంతంతమాత్రంగా ఉన్నాయి. అమెరికాలో బ్రాంకినెక్టా లించై అనే ఫెయిరీ ష్రింప్‌ను 1994లోనే ముప్పు ఉన్న జాతుల జాబితాలో చేర్చారు. తొట్లలో పెంచి గుడ్లు తీయడం అసాధ్యమేమీ కాదు. థాయ్‌లాండ్‌లో 2000లో పేరు పెట్టిన స్ట్రెప్టోసెఫాలస్ సిరింధోర్నేను, 2002లో పేరు పెట్టిన బ్రాంకినెల్లా థాయ్‌లాండెన్సిస్‌ను అలంకరణ చేపల మేత కోసమే తొట్లలో పెంచుతున్నారు. కాబట్టి పొట్లం మీద జాతి పేరు, తొట్టిలో తీసిన గుడ్లా గుంటలో తవ్వినవా అన్నది, తీసిన నెల రాయమని అడగడం అమ్మేవాళ్ళకు మోయలేని భారం కాదు. కొనేవాళ్ళు అడగడం మొదలుపెడితే వాళ్ళూ రాస్తారు.

పెంచేవాళ్ళ బాధ్యత కూడా ఉంది. మిగిలిన ఫెయిరీ ష్రింప్‌లనూ గుడ్లున్న నీళ్ళనూ చెరువుల్లో, కాలువల్లో పారబోయకూడదు. ఉత్తర అమెరికాకు చెందిన ఆర్టీమియా ఫ్రాన్సిస్కానా మధ్యధరా ప్రాంతపు ఉప్పుమడుల్లోకి చేరి అక్కడి సొంత జాతులను వెళ్ళగొట్టింది. అలాగే చేపలకు రాగి ఉన్న మందు వేసిన తొట్టి నీళ్ళు వీటి దరికి రానీయకండి. నీటిలో విషాన్ని పసిగట్టే పరీక్షల కోసం ప్రయోగశాలలు వాడే ప్రాణుల్లో థామ్నోసెఫాలస్ ప్లాటియురస్ అనే ఫెయిరీ ష్రింప్ ఒకటి. ఎంత సుకుమారమో దాన్నిబట్టి గ్రహించవచ్చు.

మీ అనుబంధంలో పిల్లచేపల మేత గురించి విడిగా ఒక వ్యాసం వేయండి. అందులో నీళ్ళ సంగతీ, పొట్లం మీద ఏమేం ఉండాలో ఆ సంగతీ తప్పకుండా చేర్చమని కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకురాలు