సాయంత్రం అంగడికి జాగా ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మ హన్మకొండలో రోడ్డు పక్కన ఆకుకూరలు అమ్ముతుంది. పొద్దున మూడున్నరకు లేచి, ఇంకో ముగ్గురు ఆడవాళ్లతో కలిసి ఆటో మాట్లాడుకుని వరంగల్ లక్ష్మీపురం మార్కెట్‌కు పోతుంది. ఆరు కొట్టేసరికి పాలకూర, పుంటికూర, మెంతికూర, కొత్తిమీర గోనెసంచి మీద పరిచి నీళ్లు చల్లి కూర్చుంటుంది. నేను డిగ్రీ రెండో సంవత్సరం. కాలేజీ లేని రోజుల్లో ఆమె పక్కనే ఉంటాను.

నా చిన్నప్పుడు తొమ్మిదికల్లా గంప ఖాళీ అయ్యేది. ఇప్పుడు పదకొండైనా సగం మిగులుతోంది. పొద్దున వచ్చేది ఎక్కువగా రిటైరైన పెద్దవాళ్లే. ఉద్యోగాలు చేసేవాళ్లు సాయంత్రం ఇంటికి పోతూ కొంటారు, లేదంటే ఫోన్‌లో ఆర్డర్ పెడతారు. వాళ్లను తప్పు పట్టలేను, ఎవరి తీరిక వాళ్లది.

కానీ ఆకుకూర ఆగదు. టమాటా అమ్మేవాళ్లకు రేపటి దాకా టైం ఉంటుంది, మాకు ఉండదు. ఎన్నిసార్లు నీళ్లు చల్లినా ఎండెక్కితే పుంటికూర తలవాలుస్తుంది. మిగిలింది మా గల్లీలో బర్రెలున్న ఇంటికి పోతుంది. అందుకే అమ్మ రెండేళ్లుగా సగం సరుకు తడిగుడ్డలో చుట్టి దాచి, సాయంత్రం ఆరింటికి మళ్లీ వచ్చి కూర్చుంటోంది. అసలు గిరాకి అప్పుడే. ట్రాఫిక్ కూడా అప్పుడే. కాబట్టి లేవమంటారు.

ఒకసారి లోపలి షెడ్డులో కూర్చోమన్నారు. అమ్మ వారం కూర్చుంది. పది రూపాయల కొత్తిమీర కోసం ఎవరూ బండికి స్టాండ్ వేసి లోపలికి రారు. కంటికి కనపడితేనే ఆకుకూర కొంటారు. ఎనిమిదో రోజు ఒక్కొక్కరే మళ్లీ రోడ్డు మీదికి వచ్చేశారు. అది మొండితనం కాదు, ఆ వారం ఆటో కిరాయి కూడా రాలేదు.

గంపల వల్లే రోడ్డు జామ్ అవుతోందంటారు. నేను అక్కడే కూర్చుని చూస్తున్నాను. బండి దిగకుండా, కాలు కింద పెట్టి బేరం చేసేవాళ్లు ఒకరి వెనక ఒకరు ఆగడం వల్లే ఎక్కువ జామ్. అంగడికి ఆ చివర, ఈ చివర బండ్లు పెట్టుకునే జాగా చూపించి, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా మధ్యలోకి బండ్లు రానీయకపోతే జనం నడిచి కొంటారు. మాకు సున్నంతో గీత గీయండి. దాటినవాళ్లకు జరిమానా వేయండి, ఒప్పుకుంటాం.

2014 వీధి వ్యాపారుల చట్టం చదివాను. ఒకే జాగాను టైం ప్రకారం పంచుకుని అమ్ముకునే పద్ధతికి అందులో చోటుంది. 50 ఏళ్లకు పైగా నడుస్తున్న సహజ మార్కెట్లను, అంటే అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ ఎప్పటి నుంచో తమంతట తామే చేరే అంగళ్లను, వారసత్వ మార్కెట్లుగా ప్రకటించాలని, అక్కడి వ్యాపారులను తరలించొద్దని ఉంది. ఎవరినైనా వేరే చోటికి పంపాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలని కూడా ఉంది. ఈ నోటీసు మాట అమ్మ నాతో రెండుసార్లు చదివించుకుంది. మారడానికి ఆమెకు భయం లేదు. 2020లో మొదలైన పీఎం స్వనిధి కింద పది వేల లోన్ తీసుకుని మొత్తం కట్టేసింది, గంప పక్కన స్కానర్ పెట్టింది.

ఇంకొకటి రాయడానికి నాకు సిగ్గు లేదు. దగ్గర్లో ఆడవాళ్లు పోయేందుకు చోటు లేక అమ్మ పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా గుక్కెడు నీళ్లు తాగదు. కూర మీద చల్లే నీళ్లు మాత్రం పక్కనే బకెట్లో ఉంటాయి. పోయిన ఎండాకాలం మూత్రంలో మంటతో రెండుసార్లు ఆస్పత్రికి తీసుకుపోయాను. సాయంత్రం అంగడికి లైట్లు కావాలి, నిజమే. వాటికంటే ముందు మరుగుదొడ్డి కావాలి.

ఆ చట్టం ప్రకారం వీధి వ్యాపారుల సంగతులు చూసే పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులు తమలోంచి ఎన్నుకున్నవాళ్లే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. మార్కెట్ టైం గురించి, జాగా గురించి మాట్లాడే మీటింగు ఏదైనా సరే దయచేసి పొద్దున గానీ సాయంత్రం గానీ పెట్టొద్దు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య పెట్టండి. అమ్మ గంప కడిగి బోర్లించేది అప్పుడే, ఆమె వస్తుంది.

— ఒక డిగ్రీ విద్యార్థిని, హన్మకొండ