ఐసీయూ బయట ఉన్నవారితో ఎవరు మాట్లాడతారు?

సంపాదకుల గారికి,

వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ జిల్లాల నుంచి విషమ స్థితిలో ఉన్న రోగులు వస్తూనే ఉంటారు. పడకలు, మందుల కొరతపై పత్రికల్లో తరచూ చదువుతున్నాం. వరంగల్, హన్మకొండ, కాజీపేట త్రినగరిలోని సర్కారు, ప్రైవేటు ఆసుపత్రుల్లో ఐసీయూ బయట దుప్పటి పరుచుకొని ఎదురుచూసే కుటుంబాలతో ఎవరు మాట్లాడుతున్నారన్నది మాత్రం చర్చకు రావడం లేదు.

డాక్టరు రౌండ్స్‌లో చెప్పే నాలుగు మాటలు ఆ ఆందోళనలో సగం చెవికెక్కవు. ఆ తరువాత ‘‘మా నాయిన ఎట్లున్నడు సిస్టర్?’’ అని అడిగేది నర్సునే. లోపలికి పంపే ముందు ఆమె రెండు నిమిషాలు ఆగి, నోట్లో గొట్టం ఉన్నందున రోగి మాట్లాడలేడని, మత్తుమందు వల్ల కళ్లు తెరవకపోవచ్చని, గొట్టం లాగేసుకోకుండా ఉండేందుకే చేతులు కట్టారని, మానిటర్ మోగిన ప్రతిసారీ ప్రాణం మీదికి వచ్చినట్టు కాదని చెబితే, ఆ ఇంటివారు బెదిరిపోకుండా చేయి పట్టుకొని పలకరించగలుగుతారు. హైదరాబాద్‌కు తరలించాలా, ఇంటికి తీసుకుపోవాలా అని తేల్చుకోవాల్సిన రాత్రి ఈ అవసరం ఇంకా ఎక్కువ. (ప్రైవేటులో అయితే బిల్లు కౌంటరువారు చెప్పినంత వివరంగా ఇంకెవరూ ఏదీ చెప్పరు.)

1979లో అమెరికాలో నాన్సీ మోల్టర్ అనే నర్సు, విషమ స్థితిలోని రోగుల బంధువులు 40 మందిని వారి అవసరాల గురించి అడిగితే, అన్నింటికన్నా ముందు నిలిచింది ఆశ. ప్రశ్నలకు నిజాయితీగల జవాబు, అర్థమయ్యే మాటల్లో వివరణ, రోజుకొకసారి సమాచారం, రోగికి దగ్గరలో కూర్చునే చోటు కూడా ఆ జాబితాలో పైనే ఉన్నాయి. కాబట్టి ఆశ పేరుతో అబద్ధం చెప్పమని ఎవరూ కోరడం లేదు.

అయితే ఈ బరువంతా ఇప్పుడున్న నర్సుల మీదే వేయడం అన్యాయం. ఐసీయూలో షిఫ్టుకు ఒక్కో పడకకు ఒక నర్సు ఉండాలన్నది భారత నర్సింగ్ మండలి ప్రమాణం. దాన్ని పాటించకుండా, ముగ్గురు నలుగురు రోగులను ఒక్కరికే అప్పగించి, బంధువులతో ఓపికగా మాట్లాడలేదని ఆమెనే తప్పుపట్టడం తగదు.

వైద్యారోగ్య శాఖ ముందుగా ఖాళీలు భర్తీ చేయాలి. రోజూ ఒక నిర్ణీత వేళలో డాక్టరు, నర్సు కలిసి ప్రతి కుటుంబంతో మాట్లాడి, చెప్పిన విషయాన్ని కేస్ షీటులో రాసే పద్ధతి పెట్టాలి. కోయ, లంబాడీ భాషలు వచ్చిన సిబ్బందిని ఆ వేళకు అందుబాటులో ఉంచాలి.

– ఒక పాఠకుడు, హన్మకొండ