కమార్గ్ అంటే ఫ్లెమింగోలేనా?

సంపాదకులు గారికి,

పోయిన ఆదివారం అనుబంధంలో ఫ్రాన్స్‌లోని కమార్గ్ మీద వ్యాసం చదివాను. ఫ్లెమింగోలనూ తెల్ల గుర్రాలనూ బాగా చూపించారు. నేను మూడేళ్లుగా ఆ పక్కనే ఉన్న ఆర్ల్ ఊళ్లో ఉంటున్నాను. సెలవు దొరికితే రోన్ నది సముద్రంలో కలిసే ఆ కమార్గ్ డెల్టాలోనే నా తిరుగుడు. అందుకే ఈ ఉత్తరం.

ముందు ఆ ఫోటో సంగతి. ‘విషసర్పం’ అని వేసినది విషం లేని నీటిపాము, మన నీరుకట్టెలాంటిది. పింజర వేషం వేస్తుందంతే. బెదిరిస్తే తల చదును చేసి, బుసకొట్టి, నోరు మూసుకునే మీదికి దూకుతుంది. మీ ఫోటోలోనే చూడండి, కంటిపాప గుండ్రంగా ఉంది. అక్కడి పింజరకైతే నిలువుగీతలా ఉంటుంది. పాపం, ఈ వేషమే దాని ప్రాణం మీదికి తెస్తోంది.

నాకు అసలు బాధ కలిగించింది ‘ఎండాకాలం మడుగులు ఎండిపోతాయి, చూడటానికి ఏమీ ఉండదు’ అన్న వాక్యం. కప్పలకు కావలసింది ఆ ఎండడమే! ఏటా ఎండే మడుగులో చేపలు నిలవవు. అవి లేకపోతేనే కప్ప గుడ్లు దక్కుతాయి. పెలోబేట్స్ అని ఒక కప్ప ఉంది. దాని వెనక పాదాలకు పార అంచులాంటి నల్లటి గట్టి బుడిపెలు ఉంటాయి. వాటితో తవ్వుకుంటూ వెనక్కి వెనక్కి ఇసుకలోకి దిగిపోతుంది. దాని తోకకప్ప పది సెంటీమీటర్లు దాటుతుంది. మొదటిసారి చూసి చేప అనుకున్నాను, సిగ్గేసింది. అంత పెరగడానికి నెలలు పడుతుంది కాబట్టి మడుగు మరీ తొందరగా ఎండినా కష్టమే.

నీళ్లు ఎప్పుడూ నిండుగా ఉంటే మేలే కదా అని నేనూ అనుకునేదాన్ని. కానీ బాతుల వేట కోసం కొన్ని చిత్తడి నేలలకు వేసవిలోనూ కాలువ నీళ్లు పెడతారు. ఆ నీళ్లతో పాటే చేపలూ, అమెరికా నుంచి వచ్చిన ఎర్ర క్రేఫిష్‌లూ (పెద్ద రొయ్యల్లాంటివి) దిగుతాయి. ఇక కప్పలకేం మిగులుతుంది?

ఆ కాలువల్లో పసుపు చుక్కల నల్ల తాబేళ్లు ఉంటాయి. తూర్ దు వలా పరిశోధన కేంద్రం వాళ్లు 1997 నుంచి వాటి డిప్ప అంచున గాట్లు పెట్టి, ఏది ఏదో గుర్తుపట్టి లెక్క రాస్తున్నారు. మీ వ్యాసంలో తాబేలు అన్న మాటే లేదు.

వీలైతే ఫోటోకు సవరణ వేయండి. మీ విలేకరిని ఈసారి ఏప్రిల్‌లో, రాత్రిపూట రమ్మనండి. చెట్టుకప్పలు అందుకుంటే పక్కనున్న మనిషి మాట వినపడదు. రబ్బరు బూట్లు నేనిస్తాను.

– ఒక పాఠకురాలు, ఆర్ల్, ఫ్రాన్స్